వీలునామా మాటెత్తితే అపశకునమా?

మా మామయ్యగారు బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక మాట నిషిద్ధం. అది వీలునామా. ఒక సంక్రాంతికి అందరం తెనాలిలో చేరినప్పుడు మా మరిది నోరు జారాడు. "నాన్నా, మా ఆఫీసులో చాలామంది విల్లు రాసుకుంటున్నారు, మీరూ ఒకటి రాసి పెడితే..." అన్నాడో లేదో, ఆయన చేతిలో అరిసె పళ్ళెంలో పెట్టేసి లేచిపోయారు. "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నారన్నమాట" అంటూ వీధరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా ఎవరితోనూ పలకలేదు. అత్తయ్య చెంగుతో కళ్ళొత్తుకుంది. పండగపూట అశుభం పలికినందుకు మరిది చేత దేవుడి దగ్గర దీపం పెట్టించింది.

2021 ఆగస్టులో ఆయన నిద్రలోనే పోయారు.

ముప్ఫయ్యేళ్ళు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. స్కూలు రిజిస్టర్లో ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటాయన ఇంటి కాగితాల కోసం మేం పదిరోజులు ఇల్లంతా గాలించాం. ఇంటి దస్తావేజు మంచం కింద ట్రంకుపెట్టెలో, పాత శుభలేఖల అడుగున దొరికింది. ఎల్.ఐ.సి. బాండు ఎప్పటిదో పంచాంగంలో ఉంది. బ్యాంకు లాకరు తాళం చింతపండు జాడీ వెనక ఉందని అత్తయ్యకి కర్మలన్నీ అయ్యాక గుర్తొచ్చింది. అన్నిటికన్నా విచిత్రం, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి నామినీగా ఆయన తల్లిగారి పేరుంది. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళు!

ఆ తర్వాత ఏడాది మావారు తాసీల్దారు ఆఫీసు చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరిగారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలన్నారు. డల్లాస్‌లో ఉన్న మరిది సంతకం కావాలన్నారు. అతను అక్కడి కాన్సులేట్‌కి వెళ్ళి పవరాఫ్ అటార్నీ రాసి పంపడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంతా చేసి మాది కొట్లాటలున్న ఇల్లు కాదు. అందరూ మంచివాళ్ళే, ఆస్తీ పెద్దదేం కాదు. అయినా ఇంత అవస్థ!

నేను కథలు రాస్తుంటాను. నా కథల్లో వీలునామా ఎప్పుడొచ్చినా అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడానికే వచ్చేది. మంచివాళ్ళని కూడా అది లేకపోవడం ఇంత సతాయిస్తుందని ఆ ఏడాదే తెలిసింది.

'ఇల్లు అత్తయ్యదే కదా' అనుకున్నాం అందరం. కాదట! మగాయన వీలునామా లేకుండా పోతే, ఆయన సొంతంగా సంపాదించిన ఆస్తి భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, తల్లి బతికి ఉంటే ఆవిడకీ సమానంగా వస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పేదిది. అంటే మా అత్తయ్య తను నలభయ్యేళ్ళు ముగ్గులు పెట్టిన ఇంట్లో నాలుగోవంతుకి మాత్రమే యజమానురాలు. మిగతా ముగ్గురూ తమ వాటాలు ఆవిడ పేర రాసిచ్చి రిజిస్టరు చేయించారు కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మా ఆడపడుచు సంతకం విషయంలో చుట్టాలంతా "ఆడపిల్ల, పెడుతుందిలే" అని ముందే తేల్చేశారు. నాకది నచ్చలేదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005కి ముందు పోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని వచ్చినా మన ఇళ్ళల్లో కూతురి వాటా అంటే ఇంకా 'వదులుకునేది' అనే అర్థం! వదిన తన ఇష్టంతోనే వదులుకుంది, నిజమే. కానీ అడిగి ఉంటే బావుండేది.

ఇంకో సంగతి. నామినీ అంటే వారసుడు కాదు. బ్యాంకు డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పే పేరు మాత్రమే అది. తీసుకున్నవాళ్ళు దాన్ని అసలు వారసులకి పంచాల్సిందే. షేర్లకి కూడా అంతేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. మీ పాస్‌బుక్కులో ఎవరి పేరుందో ఇవాళే తీసి చూడండి. మా మామయ్యగారిలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

చిన్నత్తయ్య ఇల్లు

ఇక అసలు సంగతికొస్తాను. మా అత్తయ్య చెల్లెలున్నారు. మావారికి పిన్ని, నాకు చిన్నత్తయ్య. పెళ్ళయిన ఏడేళ్ళకి, 1988లో భర్త పోయారు. పిల్లల్లేరు. నెలమాసికం కాకుండానే బావగార్లు ఆవిడ పెట్టె తెచ్చి రిక్షాలో పెట్టారు. ఆ పెట్టెలో పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు లేదు. ఆ తర్వాత ఆవిడ ట్రైనింగు పూర్తిచేసి మునిసిపల్ స్కూల్లో తెలుగు టీచరయ్యారు. 1999లో లోను పెట్టి అక్క ఇంటికి రెండు వీధుల అవతల రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి గుమ్మం మీద ఆవిడ పేరు ఆవిడే రంగు పెన్నుతో రాసుకున్నారు.

మామయ్యగారి కాగితాల గొడవ చూశాక, మాకు సాయం చేసిన లాయరుగారిని ఒకరోజు మాటవరసకి అడిగాను. "మా చిన్నత్తయ్యకి పిల్లల్లేరండీ. ఆవిడ ఇల్లు వాళ్ళక్కకే వస్తుందిగా?" అని.

"రాదమ్మా. భర్త తరఫువాళ్ళకి పోతుంది."

నేను తప్పు విన్నాననుకున్నాను.

తప్పు కాదు. అదే చట్టంలో 15వ సెక్షను. ఆడమనిషి వీలునామా లేకుండా పోతే ఆస్తి ముందు పిల్లలకీ భర్తకీ వెళ్తుంది. వాళ్ళు లేకపోతే భర్త వారసులకి. కన్న తల్లిదండ్రులది మూడో వరుస. తోబుట్టువుల మాట ఆ తర్వాతే. తండ్రి నుంచో తల్లి నుంచో వారసత్వంగా వచ్చినదైతే, పిల్లలు లేనప్పుడు తిరిగి తండ్రి వారసులకి వెళ్తుంది. కానీ తను కష్టపడి సంపాదించుకున్నదానికి అలాంటి వెసులుబాటు లేదు. ఏ ఇంటివాళ్ళు గొలుసు తీసుకుని రిక్షా ఎక్కించారో ఆ ఇంటి పిల్లలే రేపు తాళం బద్దలుకొట్టి ఆ గుమ్మంలో అడుగుపెట్టొచ్చు. చట్టం వాళ్ళ పక్షాన నిలబడుతుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కానీ ఆవిడకి చెప్పడమెలా? నేను కోడలిని. అందులోనూ ఆవిడ ప్రాణంగా చూసుకునే అక్కకొడుకు భార్యని. 'వీలునామా రాయండి' అంటే 'నా మొగుడికి రాయండి' అన్నట్టుంటుంది. వారం రోజులు నలిగాను. చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడతో కలిసి ఆవకాయ ముక్కలు తుడుస్తూ చట్టంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఎవరికి రాస్తారో నాకు చెప్పొద్దు చిన్నత్తయ్యా. మాకు మాత్రం రాయొద్దు కూడా. కానీ రాయండి" అన్నాను.

ఆవిడ గుడ్డ కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. "అంటే ముప్ఫయ్యేళ్ళు నేను చాక్‌పీసు పొడి మింగింది వాళ్ళకోసమా అమ్మాయ్?" అన్నారు.

అంతే. మర్నాడు పొద్దున్నే తెల్ల కాగితాల కట్ట కొనుక్కొచ్చుకున్నారు.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. భాష ఏదైనా ఫరవాలేదు. రాసేవాళ్ళకి పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్ళూ ఆవిడ ముందే సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ చేయిస్తే రేపు ఎవరూ 'ఇది దొంగది' అనడానికి అంత తేలిక కాదు. నడవలేనివాళ్ళయితే కారణం చూపి అడిగితే రిజిస్ట్రారే ఇంటికి వస్తారు. చిన్నత్తయ్యని అన్నిటికన్నా కుదుటపరిచిన మాట ఏమిటంటే, వీలునామా ఆవిడ పోయాకే అమల్లోకి వస్తుంది. బతికున్నన్నాళ్ళూ ఇల్లు ఆవిడదే. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, మళ్ళీ రాసుకోవచ్చు, కావాలంటే ఇల్లే అమ్ముకోవచ్చు. "అలాగైతే భయమెందుకు?" అన్నారు. భయమంతా మనకి ఈ మాట ఎవరూ చెప్పకపోవడం వల్లే.

లాయరుగారు మరో జాగ్రత్త చెప్పారు. ఆస్తి పొందేవాళ్ళెవరూ రాయించే పనిలో చెయ్యిపెట్టకూడదు, సాక్షి సంతకం అసలే పెట్టకూడదు. అలా చేస్తే కోర్టులో అనుమానాలకి తావిచ్చినట్టే. అందుకని 2024 జూన్‌లో రిజిస్ట్రేషను రోజున మావారు ఆఫీసు గేటు అవతల టీకొట్టు దగ్గరే నిలబడ్డారు. నాలుగు టీలు తాగారట. లోపలికి చిన్నత్తయ్యతో వెళ్ళింది ఆవిడ స్కూల్లో పనిచేసిన ఇంకో టీచరుగారు, ఆవిడకి ఎప్పటినుంచో వైద్యం చేస్తున్న డాక్టరుగారు. ఇద్దరూ ఆవిడకన్నా వయసులో చిన్నవాళ్ళే. సాక్షులు మనకంటే ముందే పోతే ఏం లాభం? డాక్టరుగారు 'ఈమె ఆరోగ్యంగా, పూర్తి స్పృహతో ఉన్నారు' అని వేరే కాగితం మీద కూడా రాసిచ్చారు. ఆవిడ ప్రతి పేజీ మీదా గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, లెక్క సరిచూసిన టీచరమ్మలా తలాడించారట.

ఎవరికి రాశారో నేను అడగలేదు. ఒక్క ముక్క మాత్రం ఆవిడే చెప్పారు. "మీ అత్తయ్య బతికున్నంతకాలం నా ఇంట్లో ఒక గది ఆవిడది అని రాశాను."

ఏడాదిన్నర తర్వాత, 2025 నవంబరులో ఈ 15వ సెక్షను మీద వచ్చిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు, ఆడవాళ్ళు, ముఖ్యంగా పిల్లలు లేనివాళ్ళు వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. పేపర్లో చూసి చిన్నత్తయ్య ఆ ముక్క కత్తిరించి నాకు చూపించారు. "జడ్జీలకన్నా మనమే ముందు" అని ఒకటే నవ్వు.

మించిపోయిన సమయం

ఇక్కడితో ఆపితే బావుండేది. కానీ అత్తయ్య సంగతి చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది.

అత్తయ్యకి తన పేరున పాతిక సెంట్ల పొలం ఉంది. గేదెల పాలమ్మిన డబ్బుతో కొనుక్కున్నది. "అది నా చెల్లెలికే" అని మా పెళ్ళయిన కొత్తలోనే అనేది. మేమంతా విన్నాం. రాయించింది లేదు. మామయ్యగారు పోయాక మతిమరుపు మొదలైంది. మొదట ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత మా వీధి మలుపు మరిచిపోయింది. 2023లో గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే డిమెన్షియా అన్నారు. అయినా మేం కాగితాల గురించి ఆలోచించలేదు. మందులు, పథ్యం, రాత్రిళ్ళు లేచి తలుపు గడియ తీస్తుంటే కాపలా, వీటితోనే సరిపోయింది.

చిన్నత్తయ్య వీలునామా అయ్యాక గానీ మాకు తట్టలేదు. అదే డాక్టరుగారిని అడిగాం. ఆయన అత్తయ్యతో అరగంట మాట్లాడారు. ఇవాళ ఏ వారం, పిల్లలెంతమంది, పొలం ఎక్కడుంది అని. అత్తయ్య పొలం పేరు చెప్పింది. పిల్లలు ఇద్దరంది. అందులో మా వదిన లేదు. డాక్టరుగారు పెన్ను మూసేసి, "రాయలేనమ్మా, క్షమించండి" అన్నారు. ఆ రోజు నాకాయన మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. తను ఏం రాస్తోందో, ఎవరికి రాస్తోందో తెలియని స్థితిలో వేసే వేలిముద్ర వీలునామా కాదు. ఎంత మంచి ఉద్దేశంతో వేయించినా దాన్ని మోసమే అంటారు.

మావారికి అత్తయ్య ఎప్పుడో పవరాఫ్ అటార్నీ ఇచ్చింది కదా, దాంతో పనులు నడుస్తాయనుకున్నాం. అదీ నిలవదట. ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. మన దేశంలో పవరాఫ్ అటార్నీ మనిషి తెలివిలో ఉన్నంతవరకే. ఆ తర్వాత కోర్టుకి వెళ్ళి సంరక్షకుణ్ణి పెట్టించుకోవాలి. పెన్షను ఖాతా ముందే ఇద్దరి పేర్లమీద ఉండబట్టి మందులకి ఇబ్బంది లేకుండా గడుస్తోంది. పొలం మాత్రం అలాగే ఉంది. అత్తయ్య తర్వాత అది ముగ్గురు పిల్లలది. మావారూ మరిదీ పిన్నికి ఇచ్చేద్దామన్నారు. వదిన 'చూద్దాం' అంది. ఆవిణ్ణి తప్పుపట్టను. ఒకసారి వాటా వదులుకుంది, మళ్ళీ ఆవిడనే అడుగుతున్నాం. నోటిమాట చట్టానికి పట్టదు గానీ, విన్న చెవులకి పడుతుంది కదా. అందుకే ఆ 'చూద్దాం' ఇంకా అలాగే ఉంది.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. వీలునామా అంటే భయపడే పెద్దవాళ్ళే ఒక్కోసారి మొహమాటపడి బతికుండగానే గిఫ్ట్ రాసేస్తారు. అది వీలునామా లాంటిది కాదు. రిజిస్టరయిన క్షణం నుంచే ఆస్తి వాళ్ళది కాదు. మా వెనకవీధిలో ఒక పెద్దాయన అలా రాసిచ్చి, ఇప్పుడు సొంత ఇంట్లో మేడమెట్ల కింద గదిలో ఉంటున్నారు. ఆయనకి తెలియనిదేమిటంటే, 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. అరవై దాటినవాళ్ళు తమని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిస్తే, చూడనప్పుడు ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉందని తేలాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు చూసి ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అంతదాకా ఎందుకు? రాసిచ్చేటప్పుడే 'నన్ను పోషించాలి' అన్న ఒక్క వాక్యం దస్తావేజులోనే రాయించండి. కన్నకొడుకు దగ్గర షరతేమిటని సిగ్గుపడొద్దు.

పోషణ ఖర్చుకి కూడా ఈ చట్టం కింద ఆర్.డి.ఓ. దగ్గరుండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలని నియమం. ఎటు వెళ్ళాలో తెలియకపోతే 14567కి ఫోను చేస్తే దారి చెబుతారు. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. పిల్లలు లేని వృద్ధులని ఎవరు పోషించాలి అన్నదానికీ ఈ చట్టంలో జవాబుంది, వాళ్ళ ఆస్తి ఎవరికి రాబోతుందో ఆ బంధువులు. అంటే చిన్నత్తయ్యని ఇన్నేళ్ళూ ఆ బావగారి పిల్లలు చూసి ఉండాల్సిందన్నమాట! ఇక చట్టంలో 'పిల్లలు' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి మాట లేదు. రాత్రి రెండింటికి గడియ వేసేది మాత్రం ఆవిడే.

ఆస్తి లేనివాళ్ళకి ఇదంతా దేనికనుకోవద్దు. చివరి రోజుల్లో మన ఒంటికి ఏం చెయ్యాలో, ఏం చెయ్యొద్దో కూడా ముందే రాసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనప్పుడు గొట్టాలూ యంత్రాలూ పెట్టొద్దని రాసుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. 2023లో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీగానీ గెజిటెడ్ ఆఫీసరుగానీ ఉంటే చాలు. చిన్నత్తయ్య అదీ రాస్తానంటున్నారు. మావారు వద్దంటున్నారు. ఆయనకి ఇప్పుడు వాళ్ళ నాన్నగారి గొంతు వచ్చింది.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నీలం అట్ట పుస్తకం ఉంది. ఎవరి పాలసీ ఏది, నామినీ ఎవరు, ఏ తాళం ఎక్కడ, ఎవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారు, దేనికి ఒళ్ళు పడదు, అన్నీ అందులో రాశాను. అది బీరువాలో ఉందని ముగ్గురికి తెలుసు. చిన్నత్తయ్య తన రిజిస్టరు కాగితం ఇనపపెట్టెలో పెట్టుకుని, నకలొకటి ఆ టీచరుగారి దగ్గర ఉంచారు. రెండో తాళంచెవి మాత్రం నాకిచ్చారు.

అత్తయ్య ఎండ పొడ పడేచోట కుర్చీ వేసుకుని కూర్చుని, వారానికోసారైనా నన్ను పిలిచి అడుగుతుంది. "మీ మామయ్య కాగితాలవీ సర్దారా? ఊరికే పంచాంగాల్లో పెడుతుంటారు."

"సర్దుతున్నారత్తయ్యా" అంటాను.